మధ్యరకం మెటల్ డిటెక్టర్

మేము సిడ్నీలో, వెస్ట్‌మీడ్ హాస్పిటల్ వెనక వీధిలో అద్దె ఫ్లాట్‌లో ఉన్న రోజుల్లో మా ఇంట్లో సోఫా లేదు. టీవీ అట్టపెట్టె మీద ఉండేది. అలాంటి ఇంటికి అత్యవసరంగా కావలసింది మెటల్ డిటెక్టర్ అని మా ఆయన తేల్చారు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక పార్కుకి వెళ్లాం. అక్కడ నిక్కరేసుకున్న ఒక పెద్దాయన, కర్రకి పళ్లెం తగిలించినట్టున్న పరికరాన్ని గడ్డి మీద అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తున్నాడు. చెవులకి హెడ్‌ఫోన్లు. ఉన్నట్టుండి ఆగి, చిన్న తాపీతో గడ్డిని మూతలా లేపి, మట్టిలోంచి పాతకాలపు పెన్నీ ఒకటి తీశాడు. దాని మీద గడ్డం రాజు బొమ్మ. మా ఆయన అతని దగ్గరికి వెళ్లి ముప్పావుగంట ప్రశ్నలు వేశారు. పాపం ఆ పెద్దాయన మంచివాడు. మేము తెచ్చుకున్న పులిహోర మాత్రం నేను ఒక్కదాన్నే తిన్నాను.

మా ఆయన తెనాలిలో తొమ్మిదేళ్లు ఫిజిక్స్ లెక్చరర్‌గా చేశారు. సిడ్నీ వచ్చాక ఆయన సర్టిఫికెట్లను ఎవరో ఎక్కడో పరిశీలిస్తూ ఉన్నారు. ఆ పరిశీలన పూర్తయ్యేదాకా ఒక గిడ్డంగిలో అట్టపెట్టెలు మోశారు. మధ్యలో రెండు స్కూళ్లవాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు గానీ ఉద్యోగం ఇవ్వలేదు. నేను ప్రసూతి వార్డులో నర్సుని. నా సర్టిఫికెట్లు తొందరగానే పాసయ్యాయి. ఈ సంగతి ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్లం కాదు. అందుకని ఆయన బ్రోషర్లు తెప్పించుకోవడం మొదలుపెట్టినప్పుడు కూడా నేను ఏమీ అనలేదు. ప్రెషర్ కుక్కర్ కొనడానికి నాలుగు నెలలు పరిశోధన చేసిన మనిషికి, కరెంటుతో పనిచేసే వస్తువు ఎదురైతే ఎన్నాళ్లు పడుతుందో నాకు అంచనా ఉంది.

ఎనిమిది నెలలు పట్టింది. హాల్లో గోడకి గ్రాఫు కాగితాలు అంటించారు. అడ్డంగా మెషిన్ల పేర్లు, నిలువుగా బరువు, పళ్లెం వెడల్పు, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, భూమిలో ఎంత లోతు పసిగడుతుంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ గోడ దగ్గరికే తీసుకెళ్లేవారు. టీ తర్వాత ఇచ్చేవాళ్లం.

ఆయన సిద్ధాంతం ప్రకారం చవకవి ఆటబొమ్మలు, నాలుగు వేళ్ల లోతు దాటితే వాటికి దిక్కు తెలియదు. ఖరీదైనవి బంగారం వెతికేవాళ్ల కోసం, మనం కొన్న పాత కారుకి సమానం, పైగా మేకు కనిపించినా ఏడుస్తాయి. నాణేలకి మధ్యరకమే సరైనది. ఇది పొదుపు కోసం కాదట, శాస్త్రం కోసమట. ఈ దేశంలో జనం పార్కుల్లో బీరు తాగి, డబ్బా మూతకుండే రింగు గడ్డిలో పారేస్తారు. ఆ రింగుకీ నాణేనికీ తేడా చెప్పడమే మెషిన్‌కి అసలు పరీక్ష. చెత్త వచ్చినప్పుడు నోరు మూసుకోమని చెప్పడానికి దానికొక మర ఉంటుంది. మర ఎక్కువ తిప్పితే చెత్తతో పాటు కొన్ని నాణేల దగ్గర కూడా నోరు మూసుకుంటుంది. తక్కువ తిప్పితే రోజంతా రింగులు తవ్వుకోవడమే. ఇదంతా నేను వంకాయలు తరుగుతుండగా కనీసం పదిసార్లు విన్నాను.

చివరికి రెండు మెషిన్లు మిగిలాయి. ఒకదానికి ముల్లున్న మీటరు ఉంది, కింద ఏముందో ముల్లు చూపిస్తుంది. రెండోదానికి మీటరు లేదు, మోత మాత్రమే. చెత్తకి బొంగురుగా, నాణేనికి సన్నగా కూస్తుంది. అది ఇంకాస్త లోతుకి కూడా చూస్తుందట. ధర ఇంచుమించు ఒకటే.

మా పై ఫ్లాట్‌లో వరంగల్ నుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు. హాస్పిటల్లో ఎక్స్‌రే మెషిన్లు బాగుచేసే ఇంజనీరు. మా ఆయన్ని అన్నా అనీ, నన్ను వదినా అనీ పిలిచేవాడు. రంజాన్‌కి సేమ్యా పంపేవాడు, క్రిస్మస్‌కి మా కేకు తినేవాడు. యంత్రాల విషయంలో మా ఆయన కాస్తో కూస్తో లెక్కచేసే మనిషి అతనొక్కడే. అతనిది మోత పక్షం.

"అన్నా, గా ముల్లు సూసుకుంట నడిస్తే కింద గడ్డి సూడవ్. ఏదో పామును తొక్కుతవ్. చెవులుండంగ ఇంక మీటరెందుకు?" అన్నాడు.

నన్ను ఎవరూ అడగకపోయినా నేనూ మోతకే ఓటేశాను. తల్లి పొట్ట మీద గొట్టం ఆనించి బిడ్డ గుండె వినే ఉద్యోగం నాది. చెవి కన్నా ముల్లు గొప్పదంటే నాకెలా మింగుడుపడుతుంది?

ఒక శనివారం ముగ్గురం పారమట్టాలో డిటెక్టర్లు అమ్మే షాపుకి వెళ్లాం. ముందు గదిలో చేపల గాలాలు, వెనక గదిలో డిటెక్టర్లు. షాపాయన నడుం వంగిన ముసలాయన, కుర్రతనంలో గనుల్లో పనిచేశాడట. మా ఆయన ఆయనకి విద్యుదయస్కాంత ప్రేరణ గురించి చెప్పడం మొదలుపెట్టారు. ముసలాయన కౌంటరు మీద మోచేతులు ఆనించి, నలభై ఏళ్లుగా తను అమ్ముతున్న వస్తువు ఎలా పనిచేస్తుందో అంతా ఓపిగ్గా విన్నాడు. అయ్యాక, రండి, పెరట్లో పరీక్షిద్దాం అన్నాడు.

పెరట్లో అందుకోసమే ఒక మట్టి మడి ఉంది. అందులో ఎక్కడ నాణేలు పాతాడో, ఎక్కడ రింగులు పాతాడో ఆయనకే తెలుసు. ముందు మోత మెషిన్ మా ఆయన చేతికిచ్చాడు. మా ఆయన హోదాగా నడిచారు. మొదట బొంగురుగా మోగింది. వెంటనే ఆగి, రింగు, అని ప్రకటించారు. నిజమే. రెండడుగులు వేశాక సన్నగా, స్పష్టంగా కూసింది. కంచె దగ్గర నిలబడ్డ నాకు వినపడింది. వరంగల్ అతనికీ వినపడింది. మా ఆయన ఆగకుండా వెళ్లిపోయారు. ఇంకోచోట మళ్లీ కూసింది. మళ్లీ వెళ్లిపోయారు. తర్వాత బొంగురుగా మోగితే మళ్లీ ఆగి, ఇంకో రింగు, అన్నారు. చివరిదాకా వెళ్లి వెనక్కొచ్చి, ఈ మడిలో రింగులు తప్ప ఏమీ లేవనీ, ఉంటే ఈ మెషిన్ పనికిరాదనీ షాపాయనకి ఇంగ్లీషులో తీర్పు చెప్పారు.

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"అది మోగుతూనే ఉందండీ. మీరు ఎవరి మాట విన్నారు గనక, దాని మాట వినడానికి?" అన్నాను.

వరంగల్ అతను నవ్వాడు. షాపాయనకి తెలుగు రాదు, మా ఆయన్నే గమనిస్తున్నాడు. మెషిన్ తీసుకుని, నాణెం ఉన్నచోట పళ్లెం ఆనించి అటూ ఇటూ ఊపాడు. సన్నటి కూత ఆగకుండా వస్తోంది. ఇప్పుడు? అని మా ఆయన్ని అడిగాడు. ఇప్పుడేమిటి? అన్నారు మా ఆయన. వాల్యూం పెంచి మళ్లీ ఊపాడు. పక్కింటి కుక్క మొరిగింది. మా ఆయన మెషిన్ వంక చూస్తూ నిలబడ్డారు, అది ఎప్పుడు మొదలుపెడుతుందా అని.

ముసలాయన మెషిన్ కింద పెట్టేశాడు. గనుల్లో పేలుళ్లకి తన ఎడమ చెవి ఎప్పుడో పోయిందనీ, అది మొండితనం అనుకుని తన భార్య చాలా ఏళ్లు పోట్లాడిందనీ చెప్పాడు. చెవులు చూపించుకో మేట్, ఈ మెషిన్ మాత్రం నీకు అమ్మను, అన్నాడు.

దారిపొడుగునా మా ఆయన కారణాలు చెప్పారు. గాలి ఎదురుగా ఉందట. స్పీకరు నాసిరకమట. ఆ మడి మట్టిలో ఇనుము పాలు ఎక్కువట. వరంగల్ అతను వెనక సీట్లో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. 

ఇంటికొచ్చాక ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని పేపరు తిరగేస్తున్నారు. నేను పొయ్యి దగ్గర, ఆయన వీపు వెనక నిలబడి, మామూలు గొంతుతో ఉప్పు డబ్బా ఇటివ్వండి అన్నాను. పేజీ తిప్పారు. ఇంకోసారి అన్నాను. కదల్లేదు. ఈ దేశం వచ్చినప్పటినుంచీ ఇలాగే ఉన్నారు. ఉద్యోగం రాని కోపం నామీద చూపిస్తున్నారనుకున్నాను. నేను కూడా తగ్గకుండా గిన్నెలు గట్టిగా పెట్టడం నేర్చుకున్నాను. ఫోను మోగితే నన్నే తీయమనేవారు, అది మగతనపు దర్జా అనుకున్నాను. పుట్టని బిడ్డ గుండె చప్పుడు విని చెప్పే నర్సునైన నాకు, ఇంట్లో మనిషికి వినపడటం లేదని తెలుసుకోవడానికి గాలాల షాపు ముసలాయన కావలసి వచ్చాడు. స్టవ్ ఆపేసి, బల్ల అటువైపు వెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

పరీక్ష చేయించుకోమంటే ఆయన ఒప్పుకోలేదు. నాకు అన్నీ వినపడుతున్నాయి, అన్నారు. ఈ మాట ఆయన నా పెదాల వంక చూసి అన్నారని అప్పుడు గమనించాను. వారం రోజులు నేను బతిమాలినా జరగని పని వరంగల్ అతను ఒక్క సాయంత్రంలో చేశాడు. గోడ మీద గ్రాఫు కాగితాలు చూపించి, "అన్నా, ఇన్ని మెషిన్లను కొలిసినవ్. చెవిని గూడ ఓపాలి కొలిపిచ్చుకో. రీడింగ్ వస్తది గద, నువ్వే సూస్కో" అన్నాడు. రీడింగ్ అనేసరికి మా ఆయన మెత్తబడ్డారు.

హాస్పిటల్లో ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను బయటినుంచి చూస్తున్నాను. మొదట్లో టకటకా నొక్కారు. తర్వాత బొటనవేలు బటన్ మీద పెట్టుకుని, బుద్ధిగా, చాలాసేపు ఊరికే కూర్చున్నారు. అది చూడలేక నేను నోటీసుబోర్డు చదివాను.

ఫలితం కూడా గ్రాఫే. ఎవరూ వివరించనక్కర్లేదు. ఎడమనుంచి గీత బాగానే నడిచి, సన్నటి శబ్దాల దగ్గరికొచ్చేసరికి కిందికి జారిపోయింది. ఎడమ చెవిలో ఇంకా ఎక్కువ. ఆయన దాన్ని చాలాసేపు చూసి, నాకొక కాపీ కావాలి అని అడిగి తీసుకున్నారు.

బయట బెంచీ మీద కూర్చున్నాక అన్నారు. "ఆ రెండు స్కూళ్ల ఇంటర్వ్యూల్లో వాళ్లడిగింది నాకు సగం అర్థం కాలేదు. అన్నిటికీ యెస్ అన్నాను."

"నాకు చెప్పొచ్చు కదండీ."

"ఏం చెప్పను? నాకు వినపడటం లేదని నాకేం తెలుసు? వీళ్లకి సరిగ్గా మాట్లాడటం రాదనుకున్నాను."

ఆయనకి ఉద్యోగం రాకపోవడం గురించి మా అమ్మకి రాసిన ఉత్తరాల్లో నేను ఏమేం రాశానో అవన్నీ ఆ బెంచీ మీద గుర్తొచ్చాయి. వాటిలో ఒకటైనా వెనక్కి తెప్పించుకునే దారి లేదు.

తర్వాతి శనివారం షాపుకి వెళ్లి మీటరున్న మెషిన్ కొన్నాం. లోతు కొంచెం తక్కువైతే అయింది, అదే తీసుకుందాం అని నేనే అన్నాను. ముసలాయన ఒక తాపీ ఊరికే ఇచ్చాడు. గుంటలు తవ్వితే పూడ్చాలనీ, ముందు మునిసిపల్ కౌన్సిల్‌ని అడిగి పార్కుల్లోకి వెళ్లాలనీ హెచ్చరించాడు. మా ఆయన కౌన్సిల్‌కి మూడు పేజీల ఉత్తరం రాశారు. అందులో ఒక పటం కూడా ఉంది. ఒక్క పార్కుకి ఒక్క వాక్యంలో అనుమతి వచ్చింది.

చలికాలమంతా ప్రతి ఆదివారం ఆ పార్కులో తవ్వాం. దొరికిన నిధినిక్షేపాలు: సీసా మూతలు, తాళంచెవులు, టెంటు మేకులు, ఇక చెల్లవని ప్రభుత్వం అప్పుడప్పుడే చెబుతున్న సెంటు బిళ్లలు, బొమ్మకారు చక్రం ఒకటి. నోటు తీసేసి ఆమధ్యే తెచ్చిన చిన్న రెండు డాలర్ల నాణెం మాత్రం బాగానే దొరికేది. అంత చిన్నగా చేస్తే జేబులోంచి జారక ఏంచేస్తుంది? కొన్నాళ్లకి, ముల్లు కుడివైపు చివరికంటా వెళ్లి నిలబడింది. జానెడు లోతు తవ్వాక వెండి ఫ్లోరిన్, అంటే పాతకాలపు రెండు షిల్లింగుల నాణెం, వచ్చింది. మా ఆయన మోకాళ్ల మీద కూర్చునే దాన్ని లాల్చీ అంచుతో తుడిచి, నా అరచేతిలో పెట్టారు. చల్లగా ఉంది. అంత సంతోషంగా ఆయన ముఖాన్ని నేను తెనాలి వదిలాక చూడలేదు.

చెవి మెషిన్ పెట్టుకోవడానికి ఇంకో ఆర్నెల్లు పట్టింది. దానికీ బ్రోషర్లు వచ్చాయి. దానిలోనూ మధ్యరకమే తీసుకున్నారు. పెట్టుకున్న మొదటి రోజు ఫ్రిజ్ చెడిపోయిందని కంగారుపడ్డారు, అది ఎప్పటినుంచో అలాగే గుర్రుమంటోంది. పొద్దున్నే మాగ్‌పై పిట్టలు కూస్తాయని కొత్తగా కనిపెట్టి నాకు చెప్పారు. మధ్యాహ్నం నేను వంట చేస్తూ నాలో నేను ఆయన మీద ఏదో గొణుక్కుంటుంటే, గుమ్మంలో నిలబడి, "రోజూ ఇలాగే అంటుంటావా?" అని అడిగారు. రోజూ కాదన్నాను.

మరుసటి ఏడాది ఒక టెక్నికల్ కాలేజీవాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు. కుడి చెవి వాళ్లవైపు ఉండేట్టు కుర్చీ జరుపుకున్నారట. ఒక ప్రశ్న అర్థంకాక, నాకు వినికిడి తక్కువ, మళ్లీ అడగండి, అన్నారట. ఉద్యోగం ఇచ్చారు. వారానికి మూడు రోజులు, ల్యాబ్‌లో. ఆ మూడు రోజుల్లో నాకు డ్యూటీ లేనప్పుడు మెషిన్ కారులో వేసుకుని నేనొక్కదాన్నే పార్కుకి వెళ్లడం మొదలుపెట్టాను. మొదటి రోజే పదకొండు బీరు రింగులు దొరికాయి.