చేతులు వెనక్కి

తిరుపతిలో మేం చదివిన యూనివర్సిటీలో ఏటా ఇన్నోవేషన్ డే నడిపించేది మా మేడమే. మేం చేసిన యాప్‌లను ముఖ్య అతిథి కంటే ముందు మా ఇంటివాళ్లు వాడి చూడాలని ఆమె పట్టు. వాళ్లు వాడుతున్నంతసేపూ మేం పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి.

టమోటా ఆకును ఫోటో తీస్తే తెగులేదో చెప్పే యాప్ చేశాను నేను. పలమనేరు నుంచి వస్తూ మా నాయన తోటలోంచి ఒక ఆకు కూడా తెచ్చాడు. ఫోన్ చేతికివ్వగానే అది ముందు ఈమెయిల్ అడిగింది.

"ఇదేందో అడగతా ఉండాది కదమ్మా?" అన్నాడు.

నా మెయిల్ కొట్టేద్దామని చెయ్యి చాపాను.

"చేతులు ఎనక్కి!" అన్నారు మేడం.

నాయన కాసేపు తెరను చూశాడు, కాసేపు నన్ను చూశాడు. "శానా బాగుండాదమ్మా" అని ఫోన్ తిరిగిచ్చేశాడు. ఆకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

నాకు ఏడుపొచ్చింది. మేడం దగ్గరికొచ్చి మెల్లగా అడిగారు: "రేపు తోటలో మీ నాయన పక్కన నువ్వుంటావా పాపా?"

ఈమెయిల్ అడిగే ఆ పేజీని అదే సాయంత్రం తీసేశాను. కానీ అంత మనసు రాయి చేసుకోవడం ఎలా వచ్చిందో ఈవిడకు అనుకున్నాను.

మరుసటి ఏడు ఒక జూనియర్ అమ్మాయి యాప్ అతిథి ముందే ఆగిపోయింది. ఆ పిల్ల బిక్కమొహంతో మేడం వైపు చూసింది. మేడం కదల్లేదు. ఆమె వెనక నిలబడి ఉన్నాను కాబట్టి నాకు మాత్రమే కనిపించింది. ఆమె చేతులు వెనక్కే ఉన్నాయి. ఒక చెయ్యి రెండోదాని మణికట్టును, గాజులు చర్మంలోకి దిగేంత గట్టిగా పట్టుకుని ఉంది.