గడప బయట నిలిచిన డాక్టరమ్మ

మా మేనత్త డాక్టర్ జక్కమ్మగారు పరమపదించారు. ఈ ఒక్క వాక్యం రాయడానికి కూర్చొని ఎన్నిసార్లు లేచిపోయానో నాకే తెలియదు. గత నెల ఒక ఉదయం తేని నుంచి ఫోను వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట, బాధ పడలేదట. బాధ పడలేదన్న మాట బతికున్నవాళ్ళ మనశ్శాంతి కోసం చెప్పేదని డాక్టరు మేనకోడలికి తెలియదా! కోయంబత్తూరులో బస్సెక్కి, పొల్లాచ్చి దాటేదాకా ఆ దుర్వార్త అబద్ధమై ఉంటుందనే ఆశతో కూర్చున్నాను. పళని వచ్చేసరికి ఆ ఆశ కూడా పోయింది, ఏడ్చాను.

తమిళనాడులో తేని, బోడినాయకనూరు చుట్టుపక్కల తెలుగు మాట్లాడే పల్లెల్లో ఆమెను ఎరగని స్త్రీ లేదు. మా వాళ్ళలో వైద్యవిద్య అభ్యసించిన మొదటి ఆడపిల్ల ఆమె. మా నాన్నకు స్వయానా చెల్లెలు. పొట్టి మనిషి, గట్టి గొంతు, ముక్కు మీద కోపం. మా ఇళ్ళలో తెలుగు నోటికే గాని చేతికి రాదు, చదువంతా తమిళంలోనే. నాకు ఈ అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. కాబట్టి ఈ వ్యాసంలో తప్పులు దొర్లితే సగం ఆమె ఖాతాలో వేయండి.

"జ్వరం ఒంట్లో పుట్టదే పాపా, ఇంట్లో పుడ్తాది. ఇల్లు చూడకుండా ఒళ్ళు చూసి ఏమి లాభం?" అనేవారు. ఈ జ్ఞానం ఆమెకు పుస్తకాల్లో దొరికింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో రక్తహీనతతో వచ్చిన ఒక కోడలికి మాత్రలిచ్చి, పొద్దున తిన్నాక వేసుకోమన్నారట. ఆ పిల్ల మళ్ళీ వచ్చేసరికి ముఖం మరింత పాలిపోయి ఉంది. మాత్రలన్నీ అట్లాగే ఉన్నాయి. గద్దించి అడిగితే ఆ పిల్ల చెప్పిందట: "పొద్దున తిన్నాక అంటిరి కదా డాక్టరమ్మా! మగోళ్ళు తిని, మామియారు తిని, పిలకాయలు తిని, నేను కంచం ముందర కూర్చునేటప్పటికి మద్దేనం దాటతాది. పొద్దున నేను ఏడ తింటాను?" మామియారంటే మా వైపు అత్తగారు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా మేనత్త గొంతు తగ్గేది. "నేనూ ఆ వంటింట్లోనే పెరిగినదాన్ని పాపా. మా అమ్మ ఎప్పుడు తినేదో తెల్లకోటు వేసుకున్నాక మరిచిపోతిని." ఆనాటి నుంచి ఏ స్త్రీ వచ్చినా ఆమె మొదటి ప్రశ్న ఒకటే: నువ్వు ఎప్పుడు తింటావు?

ఆమె జీవితాన్ని మలుపు తిప్పిన ఘటన మా అమ్మది. మా ఊరి పొలిమేరలో ముట్టిల్లు అనే ఒంటిగది కట్టడం ఉంది. నెలసరి దినాల్లో ఆడవాళ్ళు, ప్రసవించిన తర్వాత నెల తిరిగేదాకా బాలింతలు అక్కడే ఉండాలి. తిండి తెచ్చి దూరంగా పెట్టి పోతారు. వాళ్ళను తాకినవాళ్ళకూ మైలే. మా తమ్ముడు పుట్టాక అమ్మను బిడ్డతో సహా ఆ గదికి పంపారు. అక్కడ అమ్మకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. "పురిటివేడి, అదే పోతాది" అన్నారు పెద్దవాళ్ళు. సెలవుకు ఊరొచ్చిన అత్త ఆ మాట విని, ఎవరినీ అడగకుండా ముట్టింట్లోకి వెళ్ళి వదిన నాడి చూశారు. బయటికి వచ్చి, వెంటనే ఆస్పత్రికి తీసుకొని పోవాలి, కారు తీయమన్నారు. కారు మా తాతది. కులదేవత పూజకు సరంజామా మోసే కారులో బాలింతను ఎక్కించేది లేదన్నాడు తాత. నాన్న తలవంచుకొని నిలబడ్డాడట. అత్త రోడ్డు మీదికి పోయి, తేని సంతకు కూరగాయలు తీసుకొని పోతున్న వ్యానును ఆపి, క్యాబేజీ మూటల మధ్య వదినను తన ఒడిలో పడుకోబెట్టుకొని, పసిగుడ్డును చంకన పెట్టుకొని తీసుకొనిపోయారు. అమ్మ బతికింది. తమ్ముడూ బతికాడు.

తర్వాత ఇంటికి రావాలంటే పసుపునీళ్ళు పోసుకొని, కులదేవత ముందు తప్పైందని చెప్పమన్నారు. "నీళ్ళు పోసుకుంటాను, నాకేమి? తప్పైందని మాత్రం చెప్పను. చెప్తే రేపు ఇంకొక ఆడది చచ్చిపోతాది" అన్నారు అత్త. అయితే గడప తొక్కవద్దన్నాడు తాత. తాత పోయాక పొలంతోపాటు ఆ మాట కూడా నాన్నకు వారసత్వంగా వచ్చింది. మా నాన్న దుర్మార్గుడు కాడు. చెల్లెల్ని ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే కొట్టడానికి లేస్తాడు. అయినా గడప గడపే. అమ్మను చూడటానికి వచ్చినప్పుడు అత్త వాకిట్లోనే నిలబడేవారు. "ఏమి వదినా, మా అన్న గడప అట్లే ఉండాదా?" అని అడిగితే, "ఉండాది, చెదలు కూడా పట్టలే" అనేది అమ్మ. ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ నవ్వు వింటే నాకు ఏడుపొచ్చేది.

అత్త ఆ ముట్టిల్లునే వైద్యశాల చేసుకున్నారు. ప్రతి ఆదివారం తేని నుంచి బస్సులో వచ్చి దాని అరుగు మీద కూర్చునేవారు. చదువుకున్నదాన్నన్న పొగరుతో, "ఆ గది కూల్చమని కలెక్టరు దగ్గరికి పోరాదా అత్తా?" అని ఒకసారి ఎగిరాను. ఆమె శాంతంగా చెప్పారు: "ఆస్పత్రికి వస్తే వీళ్ళ నొప్పి మొగుడు చెప్తాడు, లేకపోతే మామియారు చెప్తాది. ఈడనే కదే వాళ్ళ నొప్పి వాళ్ళ నోట్లో నుంచి వస్తాది! కూల్చేదానికి ఒక్క దినం చాలు. కూల్చినాక వీళ్ళు ఎవరి ముందర నోరు తెరస్తారు? బాలింతలను మాత్రం ఈడ పెట్టకూడదు. అది నేను పోయేలోపల ఆపాల." అట్లా ఆ అరుగు మీద బయటపడ్డ రోగాలెన్నో! రొమ్ములో గడ్డను ఏళ్ళ తరబడి కొంగుకింద దాచుకున్న ఒకామె, అక్కడే మొదటిసారి చెప్పి, చికిత్స పొంది, ఇప్పుడు మనవళ్ళను ఎత్తుకొని తిరుగుతోంది.

ఇప్పుడు మా తమ్ముడి భార్య కవిత నిండు చూలాలు. ఏ బిడ్డను వ్యానులో తీసుకొనిపోయి బతికించారో, ఆ బిడ్డకే బిడ్డ పుట్టబోతోంది. అత్త వాకిట్లో నిలబడి నాన్నను అడిగారు: "అన్నా, కవితను ముట్టింటికి పంపద్దు. నీ ఇంట్లో ఆగితే ఊరంతా ఆగిపోతాది. ఈ ఒక్కటి శరి అను." నాన్న "చూస్తాం పో" అన్నాడు. ఆ సాయంత్రం అత్త నాకు ఫోను చేసి చిన్నపిల్లలాగా సంబరపడ్డారు. "చూస్తాం అన్నాడే పాపా, కాదు అనలే! వచ్చే ఆదివారం మళ్ళా అడుగుతాను." ఆ ఆదివారం రాకముందే ఆమె కన్నుమూశారు.

తేనిలో ఆమె అద్దె ఇంటికి నాన్న వచ్చాడు. చెల్లెలి పాదాల దగ్గర కూలబడి గుండెలు బాదుకున్నాడు. "ఊరికి తీసుకొనిపోదాం, మన ఇంట్లో పెట్టుకొని సాగనంపుదాం" అన్నాడు. ఎన్నడూ ఆయన మాటకు ఎదురు చెప్పని మా అమ్మ లేచి నిలబడింది. "బతికినన్నాళ్ళు గడప తొక్కనీలే. శవమైనాక ఏల? ఆ పిల్ల నిన్ను ఇల్లు అడగలే, కవిత కోసం అడిగింది. దానికి చెప్పు జవాబు." ఇంటినిండా జనం. అందరూ నాన్న వైపే చూశారు. ఆయన తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడే గాని శరి అనలేదు. అత్త అంత్యయాత్ర ఆ అద్దె ఇంటి నుంచే సాగింది.

కర్మలు ముగియగానే అమ్మ కవితను వెంటబెట్టుకొని కోయంబత్తూరులో నా ఇంటికి వచ్చేసింది. పురుడు ఇక్కడే. నాన్న అడ్డు చెప్పలేదు, రమ్మనీ అనలేదు. మా ఇంటి కోడలు గండం గడిచినట్టే. బస్సు ఛార్జీ, పట్నంలో ఒక ఆడబిడ్డ ఇల్లు ఉన్నవాళ్ళకు గండాలు గడుస్తాయి. తక్కినవాళ్ళకు మా అత్త ఉండేవారు. ఆమెను మహావైద్యురాలని కీర్తించడానికి నాకు చదువు చాలదు. ఆమె స్థానం ఎవరు భర్తీ చేస్తారని అడిగేవాళ్ళకు చెప్పడానికి నా దగ్గర పేరు లేదు. అత్తా, నీ పాదాలకు మొక్కడం తప్ప నాకు మరేమీ చేతకావడం లేదు.

నిన్న ఊరి నుంచి వచ్చిన బంధువు చెప్పింది. అత్త పోకముందే ముట్టిల్లు చేరిన ఒక బాలింత ఇంకా అక్కడే ఒక్కతే ఉందట, తొలిచూలు. ఆదివారం పొద్దున్నే బిడ్డకు తలదువ్వి, తలుపు తీసుకొని, డాక్టరమ్మ కోసం ఎదురుచూస్తూ కూర్చుందట. తిండి తెచ్చేవాళ్ళు దూరంగా పెట్టి వెళ్ళిపోతారు కదా, డాక్టరమ్మ లేదని ఆ పిల్లకు చెప్పినవాళ్ళు లేరు.