చివరిదొక్కటే మిగిలింది

ఈ రోజు తెలంగాణ బంద్. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లన్నీ మూశారు. మా పైగదిలో కిరాయికి ఉండే గుంటూరు పిల్ల లావణ్య కంప్యూటర్ పట్టుకుని మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. కాసేపటికి తల పట్టుకుంది.

"ఏమైంది బిడ్డా, గంత పరేషాన్‌ల ఉన్నవ్?"

"ప్రోగ్రామ్‌లో ఒకే లెక్కని మళ్లీ మళ్లీ తిప్పే లూప్ రాశా. అది తిరిగిన ప్రతిసారీ ఒక జవాబు వస్తుందాంటీ. తీరా చూస్తే చివరిదొక్కటే ఉంటోంది."

"కడమయి ఎటు పోయినయ్?"

"అన్నీ ఒకేచోట పెట్టా. కొత్తది రాగానే పాతది చెరిగిపోతోంది. ప్రోగ్రామ్‌లో అర్రే (array) అని వరుసగా గళ్లుంటాయి, ఒక్కోటి ఒక్కో గడిలో దాచాలి. మర్చిపోయా."

"నువ్వు నయం బిడ్డా. మళ్ల తిప్పితె అన్నీ ఒస్తయ్" అన్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

నా కొడుకు మహేశ్ జ్వరంతో పోయినప్పటి నుంచి, కళ్లు మూస్తే దవాఖాన మంచం మీది ముఖమే కనబడుతుంది. నేను పెంచిన వాడి మిగతా ముఖాలన్నీ ఎటు పోయాయో తెలియదు. ఇంత పెద్ద తలకాయలో ఒక్క గడి కూడా లేకపాయె!

మహేశ్ దోస్తులారా, వాడు నవ్విన ముఖమో, అలిగిన ముఖమో, మీకు గుర్తున్నది తలా ఒకటి ఈ పోస్టు కింద రాయండి. దవాఖాన సంగతి మాత్రం రాయకండి. అది నా దగ్గరుంది.