అయ్యగారు కొట్టేసిన మాట

మా అయ్యగారు పోయారని శుక్రవారం పొద్దున తెలిసింది. కడపలో ఆ సాయంత్రం సువార్త కూటాలకు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఫోన్ చేసింది అమ్మగారు, అంటే ఆయన భార్య. ఆమె గొంతులో ఏడుపు లేదు. "మీ అయ్యగారు పొయ్యినాడు నాయనా. రేపు శనివారం కదా, శనివారం కానిచ్చి పోతాడేమో అనుకుంటి," అంది. ఆ మాటకు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేశాను. ఎందుకో చెప్పాలంటే ఆయన శనివారాల గురించి చెప్పాలి.

కోసిగికి అవతల, రోడ్డు దిగి మట్టిదారిలో పోతే వచ్చే ఒక పల్లెలో ఆయన ముప్పై ఏళ్ళకు పైగా పాస్టరు. పొడుగ్గా, ఎండు కట్టెలా ఉండేవారు. ఆ పక్క ఊరి సంఘానికి నేను పాస్టరుగా వెళ్ళేనాటికి నాకు ముప్పై దాటాయి, పెళ్ళయింది, రెండు మూడు పెద్ద కూటాల్లో మాట్లాడి శభాష్ అనిపించుకున్నాను కూడా. మాటకారికి ఉండే పొగరు నాకూ కావలసినంత ఉండేది. ఈ ముసలాయన దగ్గర నేర్చుకునేదేముంటుందిలే అనుకుంటూనే, ఊసుపోక ఒక శనివారం వాళ్ళింటికి వెళ్ళాను.

ఆయన అప్పుడే సంగటి తిని చెయ్యి కడుక్కుంటున్నారు. మిట్టమధ్యాహ్నం. కుక్కలు కూడా అరుగుల కిందకు దూరిన వేళ. ఆయన నల్ల గొడుగు తీసుకుని, రెండు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, చెవి మీద ఎర్ర పెన్సిలు దోపుకుని, "వస్తావా అప్పా, రేపటి వాక్యం చెప్పుకోను పోతాండా," అన్నారు. గుడికి పోతున్నారేమో అనుకుని వెంట నడిచాను. ఆయన గుడి దాటారు, ఊరు దాటారు, సమాధుల తోటలోకి దారి తీశారు.

తోట అని పేరే గాని అక్కడున్నవి రెండు వేపచెట్లు, చుట్టూ ముళ్ళకంప. మధ్యలో నాపబండలు పరిచిన సమాధులు, డబ్బుల్లేనివాళ్ళవి ఉత్త మట్టిదిబ్బలు. ఆయన గొడుగు మూసి పెద్ద వేపకొమ్మకు తగిలించి, సమాధుల మధ్య నిలబడి, కాగితాలు విప్పి ప్రసంగం మొదలుపెట్టారు. గొంతు పెంచలేదు, చెయ్యి ఊపలేదు. ఎదురుగా మనుషులు కూర్చున్నట్టే ఒక్కో వరసకేసి చూస్తూ చెప్పారు. కంపలో ఎక్కడో ఒక గువ్వ తెరిపి లేకుండా కూస్తోంది. నేను నవ్వాపుకుంటూ బండ మీద కూర్చోబోయి, అది ఎవరి సమాధో అని లేచి నిలబడ్డాను.

కొంతసేపటికి ఆయన ఒక మాట అన్నారు. "మబ్బు లేని ఆకాశం కూడా దేవుని చేతి రాతే, మనకే చదవడం రాలేదు." ఎంత బాగుందో అనుకున్నాను. అప్పుడే గువ్వ కూత ఆగిపోయింది. అయ్యగారు కూడా ఆగారు. మెడ కొంచెం పక్కకు వంచి, ఎవరైనా ఏమైనా అంటారేమో అన్నట్టు చాలాసేపు విన్నారు. తరువాత చెవి మీద పెన్సిలు తీసి ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశారు. గువ్వ మళ్ళీ కూయడం మొదలుపెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు, అంత మంచి మాటను ఎందుకు కొట్టేశారని అడిగాను. ఆయన వెనక్కి తిరిగి గొడుగు కొసతో మూడు దిబ్బలు చూపించారు. ఒకటి, గుడిలో ముందు చాప మీద కూర్చుని పాట ఎత్తుకునే అవ్వ భర్తది.

"ఆ ముగ్గురూ వాన లేకనే సచ్చినారప్పా. ఆళ్ళ ముందర నిలబడి ఆ మాట అనగలవా నువ్వు? వినేటోళ్ళు ఆహా అంటారు. అంతకు తప్ప అదెందుకూ పనికిరాదు."

ఈ అలవాటు మీద ఆయనకు తిట్లు కూడా పడ్డాయి. చచ్చినవాళ్ళకు బోధించడం ఏ శాస్త్రమని పైనున్న సంఘ పెద్దలు పిలిపించి అడిగారట. చచ్చినవాళ్ళకు కాదు, అక్కడైతే మెచ్చుకునేవాళ్ళు ఎవరూ ఉండరు, ఒక్కాయనే వింటాడు, ఆయన ఒప్పుకున్నది ఊళ్ళోకి తీసుకుపోతానని చెప్పి వచ్చారట. ఊరివాళ్ళకు మాత్రం అది వేళాకోళం. వేడన్నం సమాధుల్లో వాళ్ళకు పెట్టి, ఆదివారం మనకు సద్దన్నం తెస్తాడని ఆయన ఎదుటే అనేవారు. ఆయనా నవ్వేవారు. కానీ శనివారం మధ్యాహ్నం ఆ కంప పక్కగా మేకలు తోలుకుపోవడానికి మాత్రం ఎవరూ ఇష్టపడేవారు కాదు.

ఆయన ప్రసంగం విని ఎవరూ చప్పట్లు కొట్టగా నేను చూడలేదు. విన్నవాళ్ళు తలొంచుకుని ఇంటికి పోయేవారు. పోయి అన్నతో మాట్లాడటం మానేసిన తమ్ముడు మాట్లాడేవాడు, తాగొచ్చి కొట్టేవాడు ఆ వారం చెయ్యెత్తేవాడు కాదు. ఊరు సగం సుగ్గికి పోయినప్పుడు, అంటే గుంటూరు వైపు మిరపకాయలు కోసే పనికి ఇళ్ళకు తాళాలేసి పోయినప్పుడు కూడా, ఆయన ప్రసంగం ఒక్క మాట తగ్గేది కాదు. ఒక ఆదివారం గుడిలో ముగ్గురు ముసలివాళ్ళే ఉన్నారు, ఒకాయనకు చెవుడు. అయ్యగారు మాత్రం ఖాళీ చాపలను కూడా వరసగా చూస్తూ పూర్తిగా చెప్పారు. నాకు ఆ ఖాళీ చాపల వైపు చూడాలంటే ఎందుకో మనసొప్పలేదు.

ఇప్పుడు నా సంగతి. ఆయన కొట్టేసిన ఆ మాటను నేను ఎత్తుకున్నాను. కొట్టేశాడు కదా, పారేసిందే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కడప కూటాల్లో ఆ మాట అన్న రోజు జనం లేచి నిలబడ్డారు. హల్లెలూయలతో నిమిషం పాటు నా గొంతు నాకే వినపడలేదు. ఆ తరువాత ఎక్కడికి పిలిచినా అదే అడిగారు. గోడ పత్రికల మీద అదే, కొత్త సంవత్సరం క్యాలెండరులో నా ఫోటో కింద అదే. ఇంటింటికీ పంచిన ఆ క్యాలెండరు అయ్యగారి ఊరికీ చేరింది.

ఆయన ఏమంటారోనని భయపడుతూనే వెళ్ళాను. ఆయన మజ్జిగ తెప్పించి, నేను తాగేదాకా ఊరుకుని, "ఆ మాట బాగా పలుకుతాందంట కదప్పా," అన్నారు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది, నేను కూడా నాలుగు జవాబులు సిద్ధం చేసుకునే వెళ్ళాను.

ఆ తరువాత శనివారం ఆయనకు జ్వరం. పంతం కొద్దీ నేనొక్కణ్ణే సమాధుల తోటకు వెళ్ళాను. గువ్వ అన్నాక కూస్తుంది, ఆపుతుంది, దానికీ ప్రసంగానికీ ఏం సంబంధమని తేల్చుకోవాలి నాకు. బీఎస్సీ చదివినవాణ్ణి. ఆయన నిలబడే చోటే నిలబడి, కూటాల్లో అన్నట్టే చెయ్యెత్తి ఆ మాట అన్నాను.

గువ్వ ఆగింది. ఈసారి గాలి కూడా ఆగింది. వేపాకు కదలలేదు. మళ్ళీ కూస్తుందని చూశాను, కూయలేదు. నా వెనక ఎవరో నిలబడి, నేను చెప్పేది ఇంకా అయిపోలేదన్నట్టు ఎదురు చూస్తున్నారనిపించింది. కోపంగా కాదు, మెచ్చుకోలుగా కాదు, ఊరికే ఎదురు చూస్తున్నారు. తిరిగి చూస్తే బండలే ఉన్నాయి, నా నీడ నా కాళ్ళ కింద ముద్దగా ఉంది. పరుగెత్తలేదని మాత్రం రాసుకోగలను, అంత వేగంగా నడిచాను. కంప దాటి దారి మీద కాలు పెట్టాకే గువ్వ మళ్ళీ కూసింది. ఆ ఏడే నేను కడపకు బదిలీ అడిగి పుచ్చుకున్నాను.

అయ్యగారి కబురు విన్నాక నేను రైలెక్కాను. సుగ్గికి పోయినవాళ్ళు, మేమొచ్చేదాకా మట్టి చేయొద్దని ఫోన్లు చేశారట. అందుకని ఆదివారం దాకా ఆయన్ను ఫ్రీజరు పెట్టెలో ఉంచారు. మట్టి చేసే ముందు నేనే మాట్లాడాలన్నారు. పెద్ద మైకులు తెస్తున్నారు, ఫోన్లలో లైవ్ పెడతారు. రైల్లోనే ఆరు పేజీలు రాశాను. బాగా రాశాననే అనుకున్నాను. చివర్లో ఆ మాటే పెట్టాను. అది లేకుండా నన్ను ఎవరు వింటారు?

శనివారం మధ్యాహ్నం అమ్మగారు నన్ను లోపలికి పిలిచింది. ఆయన తల దగ్గర మనుషులు కూర్చుని పాటలు పాడుతున్నారు. ఆమె దేవుని పుస్తకం కింద నుంచి ఎర్ర పెన్సిలు ముక్క తీసి నా చేతిలో పెట్టింది.

"రేపు చెప్పేది ఈ పొద్దు ఆడ చెప్పుకోని రా నాయనా. ఆయప్ప లేడని మానుకోవద్దు."

వద్దని నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూసి పెన్సిలు జేబులో పెట్టుకున్నాను.

గుంత సగం తవ్వి ఉంది. తవ్వేవాళ్ళు అన్నానికి పోయారు. పెద్ద వేపకొమ్మకు అయ్యగారి గొడుగు వేలాడుతోంది. పోయిన శనివారం ఇక్కడే మరిచిపోయారట, నడవలేని ఒంటితోనే ఆ రోజు కూడా వచ్చారట. ఇన్ని రోజులైనా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. గువ్వ కూస్తోంది.

చదవడం మొదలుపెట్టాను. ఆయన కొవ్వొత్తిలా కరిగి వెలుగిచ్చాడని చదివాను. గువ్వ ఆగింది. కొట్టేశాను. దేవుడు తన తోటలో మంచి పూవును కోసుకున్నాడని చదివాను. ఆగింది. ఇది అందరి చావులకూ అనే మాటే కదా అని నాకే సిగ్గేసింది. ఆయన నాకు తండ్రి అని చదివాను, అక్కడా ఆగింది. ఆ తండ్రిని చూడటానికి రెండేళ్ళుగా రాలేదు మరి. పేజీ తరువాత పేజీ ఎర్రబడుతూ పోయింది. చివరి మాట దగ్గరికి వచ్చాను. అది చదవనే లేదు. చదవకముందే అంతా ఆగిపోయి ఉంది.

వెనక నుంచి మళ్ళీ ఆ ఎదురుచూపు. ఈసారి నేను తిరిగి చూడలేదు. గుంతలోకి చూస్తూ, కాగితంలో లేని మాట ఒకటి అన్నాను. "అయ్యగారూ, మీరు కొట్టేసిన మాటతో నేను పేరు తెచ్చుకున్నాను." చాలాసేపటికి, కంపలో, గువ్వ కూసింది. అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆదివారం లారీల్లో, ఆటోల్లో జనం వచ్చారు. మిరపకాయల ఘాటు ఇంకా బట్టల్లోనే ఉంది. ఆరు పేజీల ప్రసంగం నాలుగు మాటలైంది. ఆయన మన మెప్పు అడగలేదని, అందుకే మనకు అబద్ధం చెప్పలేదని అన్నాను. క్యాలెండరులో నా ఫోటో కింద ఉన్న మాట ఆయన కొట్టేసినదని, ఎందుకు కొట్టేశారో తెలిసీ దాన్ని ఊరూరా అమ్ముకున్నానని అన్నాను. ఆ ముగ్గురి ఇళ్ళవాళ్ళను క్షమాపణ అడిగాను. ఆమెన్ అన్నవాళ్ళు లేరు. మైకు పోయిందనుకుని మైకతను వచ్చి రెండుసార్లు తట్టి చూశాడు.

మట్టి వేశాక ముందు చాప అవ్వ నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఆ క్యాలెండరు మా ఇంట్లో గోడకు తిప్పి పెట్టినా నాయనా. చింపేద్దామంటే అయ్యగారు వద్దన్యాడు. వాడే ఒగ పొద్దు వచ్చి తీస్తాడులే అన్యాడు."

నేను వాళ్ళింటికి పోయి తీశాను.

ఇప్పుడు నన్ను కూటాలకు పిలిచేవాళ్ళు బాగా తగ్గారు. ఆ మాట చెప్పనన్నాక ఎందుకు పిలుస్తారు? బాధ లేదని అంటే అది కూడా కొట్టేయాల్సిన మాటే అవుతుంది. బాధగానే ఉంది. కానీ శనివారం మధ్యాహ్నమైతే, కడపలోనే, మా గుడి వెనక ఎవరూ రాని చోట నిలబడి చెప్పుకుంటున్నాను. అదీ ఆయన పెట్టిన భిక్షే.

ఈ నాలుగు ముక్కలు అచ్చుకు ఇచ్చే ముందు మళ్ళీ ఆ ఊరు వెళ్ళి, ఆయన కొత్త సమాధి దగ్గర నిలబడి చదివాను. మూడు చోట్ల పెన్సిలు పడింది, ఆయన గొప్పవాడని రాసిన చోటు అందులో ఒకటి. మిగిలినది మీరు చదివారు. చదవడం అయ్యాక, ఎండకు పాడైపోతుందని గొడుగు ఇంటికి తీసుకుపోదామనుకున్నాను. అమ్మగారు ముందే చెప్పింది, ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదని, కదిలించొద్దని. అయినా కొమ్మ దగ్గరికి వెళ్ళి చూశాను. ఎండాకాలం గాలికి ఆ నల్లగుడ్డ మీద ఎర్రమట్టి మందంగా పేరుకుంది. కర్ర మీదా అంతే. చేత్తో పట్టుకునే వంపు మీద మాత్రం దుమ్ము లేదు.