మంద లేని నెలలు

పంచాయతీ కార్యదర్శిగా ఉన్నన్నాళ్లూ నేను రెండు చోట్ల రాసేవాణ్ణి. పగలు ఆఫీసులో తీర్మానాల పుస్తకం, సాయంత్రం ఇంట్లో డైరీ. డైరీలో వాన పడిందా లేదా, మా మెట్ట చెలకలో ఏం పని జరిగింది, ఎవరు వచ్చిపోయారు, అంతే, ఐదారు పంక్తులు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన సర్వీసులో ఒక్కరోజు కూడా రాలేదు. రిటైరైన మూడో ఏట, పుష్యమాసపు చలిలో, ఒక పరిశోధకురాలు వచ్చి ఆ పని చేయించింది.

ఆమె హైదరాబాదులో పెద్ద చదువు చదువుతున్న అమ్మాయి. మహబూబ్‌నగర్‌లో గది కిరాయికి తీసుకుని, పొద్దున్నే బస్సులో మా ఊరికి వచ్చేది. బొగ్గు కాల్చకుండా ఎండతో, గాలితో కరెంటు తీసే రోజులు వస్తున్నాయి కదా, ఆ మార్పులో పల్లెల్లో ఎవరికి మేలు జరుగుతోంది, ఎవరి మీద బరువు పడుతోంది, ఆ సంగతి పంచాయతీలో ఎవరైనా మాట్లాడుతున్నారా అన్నది ఆమె పరిశోధన. మా ఊరి బంచరాయిని, అంటే పశువుల మేత కోసం ఏనాటి నుంచో వదిలిన గుట్ట కింది సర్కారు భూమిని, సోలార్ ప్లాంటుకు ఇచ్చారు. అందుకే మా ఊరిని ఎంచుకుంది. ఇప్పటి కార్యదర్శి కొత్తవాడు. పాత తీర్మానం గురించి అడిగితే ఆమెను నా దగ్గరికి పంపాడు. ఆ తీర్మానం నా చేతిరాతలోనే ఉంది. నా సర్వీసు చివరి ఏడాదిది.

నేను కొంచెం గర్వంగానే చెప్పాను. కొందరు ఆఫీసులో కూర్చుని రాస్తారు, నేను అలా రాయలేదు. తీర్మానానికి ముందు రెండు రోజులు ఆ భూమంతా కాలినడకన తిరిగాను. ఇల్లు లేదు, గుడిసె లేదు, సాగు లేదు, పశువుల జాడ లేదు. ఉన్నది ఉన్నట్టు రాశాను: 'సదరు భూమిని ప్రస్తుతం ఎవరూ ఏ అవసరానికీ వాడుకొనుట లేదు.' గ్రామసభలో చదివి వినిపించాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కాగితాలు పైకి పోయి, ఎక్కడెక్కడో ఆగి, ఇన్నేళ్లకు పని మొదలైంది. ఆమె వచ్చేనాటికి కంచె స్తంభాల కోసం గుంతలు తీస్తున్నారు.

ఆమె అదంతా రాసుకుంది. నాకు తెలిసిన పద్ధతిలో అయితే తరువాతి ప్రశ్న భూమి ఎవరి పేరున ఉందని. ఆమె అది అడగలేదు. ఏ నెలలో ఎవరు అటు పోతారని అడిగింది. సంచిలోంచి పన్నెండు గడులు గీసిన కాగితాల కట్ట తీసింది, గడికి ఒక నెల. నాకు అది బడిపిల్లల పనిలా తోచింది. అయినా ఖాళీగా కూర్చోవడం చేతకాదు కనుక తోడు వెళ్లాను.

నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగాం. గడులు నిండుతున్నకొద్దీ నా గర్వం తగ్గింది. వానలు వెనకబట్టాక ఆడవాళ్లు సీతాఫలాలు తెంపడానికి ఆ గుట్ట కిందికే పోతారు. చీపురు గడ్డి కోసుకొచ్చేది అక్కడే. ఇవేవీ నాకు తెలియనివి కావు. మా ఇంటికీ ఆ సీతాఫలాలే వచ్చేవి. కానీ భూమిని వాడుకోవడం అంటే నా దృష్టిలో అక్కడ ఒక నాగలో, పాకో, భూమి లెక్క రాసే పహాణీలో ఒక పేరో ఉండాలి.

ఐదో రోజు గొర్ల కాపరులుండే కురుమవాడకు పోయాం. అక్కడి పెద్దమనిషి నా ఈడువాడే. ఆయనకూ తమ్ముళ్లకూ కలిపి నల్ల గొర్ల మంద ఒకటి ఉంది. ఏటా మాఘమాసంలో, ఊళ్లో మేత అయిపోగానే, మందను తోలుకుని కృష్ణ ఆయకట్టు వైపు పోతారు. కోసిన వరి మళ్లలో మేపుకుని, మృగశిర కార్తెలో మిరుగు వానలు పడ్డాక తిరిగి వస్తారు. వచ్చింది మొదలు మళ్లీ పోయేదాకా మందకు మేత బంచరాయిలో, నీళ్లు దాని అవతలి కుంటలో. మేం పోయేసరికి ఆయన ఒక గొర్రె గిట్ట పట్టుకుని ముల్లు తీస్తున్నాడు. గొర్లు కొనే బేరగాడు ఒకడు అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

మంద అమ్ముతున్నావా అని అడిగాను.

"అమ్మక ఏం జేయాలె సారూ? కుంటకు పోయే బాట మీద గుంతలు తీసిన్రు. కంచె పడితే సడక్ మీదికెళ్లి సుట్టు తిరిగి పోవాలె. లారీల నడుమ సూడి గొర్లను ఎట్ల తోలుత?"

ఈ మాట ఆనాడు గ్రామసభలో చెప్పవలసింది కదా అన్నాను. ఆయన గిట్ట వదిలి తలెత్తాడు.

"సభ ఎప్పుడు వెట్టినవ్?"

ఎండాకాలంలో అన్నాను.

"ఎండకాలం నేను ఏటి పొంట ఉంట గదా. సభకు గొర్లనిడిసి రావాల్నా, గొర్లను తోలుకొని రావాల్నా? అవి వచ్చినా సంతకం వెట్టయాయె."

బేరగాడు నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు, రాసుకోనూ లేదు. నావైపు చూసింది. ఆయన మాత్రం తన సంగతి సాఫుగా చెప్పాడు. వారంలో బేరగాడికి మాట ఇవ్వాలి. ఇవ్వకపోతే మందను తోలుకుని బయలుదేరాలి, మేత ఇక లేదు. తిరిగి వచ్చేనాటికి బాట ఉండదని తెలిసి తోలుకుపోవడం ఎందుకు? తాత నాటి నుంచి ఉన్న మంద, తన చేతిలో ముగిసేట్టు ఉందని మాత్రం మెల్లగా అన్నాడు.

ఇంటికి వచ్చి ఆ ఏటి డైరీ తీశాను. మంద బయలుదేరిన రోజు నేను ఏటా రాసుకునేవాణ్ణి, తిరిగి వచ్చాక ఎరువు కోసం మా చెలకలో మంద కట్టించుకోవాలి కనుక. ఆ ఏడూ రాసి ఉంది: 'మంద పోయింది. ఇక మిరుగుకే.' కొన్ని పేజీల తరువాత, అదే సిరాతో: 'బంచరాయి తిరిగి చూశాను. పశువుల జాడ లేదు.' మంద ఊళ్లో లేదని నాకు తెలుసు. తెలిసినవాణ్ణే పోయి, మంద లేని భూమి చూసి, ఎవరికీ అవసరం లేదని రాశాను.

మిగిలిన డైరీలూ దించాను. అన్నేళ్లలో భూమి సంగతి వచ్చిన సభలన్నీ ఎండాకాలంలోనే పెట్టాను. కారణం కూడా నా రాతలోనే ఉంది: 'ఇప్పుడైతే పనులు లేవు, జనం దొరుకుతారు.' పొలాలున్నవాళ్లకు పనులు లేని కాలం అది. గొర్లున్నవాళ్లు ఊళ్లో లేని కాలం కూడా అదే.

మర్నాడు ఆమె ముందు రెండు పేజీలూ పెట్టాను. రెండుసార్లు చదివింది. తరువాత, "ఇది నేను రాసుకోవచ్చా సార్?" అని అడిగింది. రాసుకోమన్నాను. కానీ అది ఆమె పుస్తకంలో అచ్చయ్యేలోగా ఇక్కడ మంద ఉండదు కదా, దానికేం చేద్దామని అడిగాను. తన పని తెలుసుకోవడం వరకే అనుకున్నట్టుంది, అయినా కాగితాలు సంచిలో పెట్టి లేచింది. ఇద్దరం సర్పంచ్ ఇంటికి నడిచాం.

మా సర్పంచ్ ఆడమనిషి. వాకిట్లో పల్లికాయ ఎండబోస్తోంది. సంగతి చెబుతుంటే భర్త అందుకుని, కంపెనీతో పెట్టుకుంటే పని ఆగుతుందని ఏదో అనబోయాడు. "నువ్వు జర ఆ గోనెసంచి పట్టు," అని ఆమె ఆయనను పనిలో పెట్టి, నావైపు తిరిగింది.

"ఇన్నేండ్లు రాస్తివి పెద్దసారూ, ఊర్ల అందరి పేర్లు రాస్తివి. గొర్లోల్లే యాదికి రాకపాయెనా?"

రాలేదని ఒప్పుకున్నాను. వారంలో ప్రత్యేక గ్రామసభ పెడతానంది. అంతవరకు గుంతలు ఆపించడానికి ప్లాంటు ఇంజనీరు దగ్గరికి ముగ్గురం పోయాం. ఆయన మంచిగానే మాట్లాడాడు. తనకిచ్చిన కాగితంలో బాట అన్నదే లేదని చూపించాడు. అది నా తీర్మానం నకలు. భూమిని నేను చూసిన రోజుల్లో మంద ఊళ్లో లేదని, అందువల్ల నా రాత పూర్తి నిజం కాదని, అక్కడే ఒక కాగితం రాసి సంతకం చేశాను. అంత చిన్న కాగితం రాయడానికి నాకు ఎన్నడూ అంతసేపు పట్టలేదు. ఇంజనీరు అది పైవాళ్లకు పంపుతానని, కుంట వైపు పని ఆపి అటు పక్క మొదలు పెట్టిస్తానని చెప్పాడు. కురుమ పెద్దమనిషి కూడా బేరగాణ్ణి వారం ఆగమన్నాడు. "నేను ఆగుత గానీ గొర్ల కడుపు ఆగది. జల్ది గానియ్యండ్రి," అన్నాడు.

సభ బడి ఆవరణలో జరిగింది. గొంగళ్లు భుజాన వేసుకుని కురుమలు అంతమంది వచ్చి కూర్చోవడం నా సర్వీసులో చూడలేదు. నేను లేచి డైరీలోని రెండు పేజీలూ చదివాను. తరువాత ప్లాంటులో కాపలా పనికి పేరిచ్చిన ఒక యువకుడు లేచి, గొర్ల కోసం గొడవ పడితే కంపెనీ ఇంకో ఊరు చూసుకుంటుందని, తన వంటివాళ్ల పని పోతుందని అన్నాడు. అతని భయం వట్టిది కాదు. చదువుకున్నవాళ్లకు ఇక్కడ వేరే పని లేదు.

పెద్దమనిషి కూర్చున్నచోటి నుంచే జవాబిచ్చాడు. "పని వద్దని ఎవలన్నరు బిడ్డా? నా కోడలు గూడ ఆడ గడ్డి కోసే పనికి పేరిచ్చింది. కరెంటు మా ఇంట్ల గూడ గావాలె. మేత కుంట అవతల గూడ దొరుకుతది, బాట ఒక్కటి ఇడువుమంటున్న."

ఆ తరువాత వాదన అంతా బాట వెడల్పు మీదికి మళ్లింది, నాకు తేలికనిపించింది. సభకు వచ్చిన ఇంజనీరు పదడుగులు ఇవ్వొచ్చన్నాడు. కురుమలు నవ్వారు. అది పెళ్లికొడుకు నడిచే బాట గానీ మంద నడిచేది కాదన్నాడొకాయన. ఎంత కావాలంటే ఎవరూ అడుగుల్లో చెప్పలేకపోయారు. అప్పుడు ఆ అమ్మాయే, మందను నడిపించి చూస్తే తెలుస్తుంది కదా అంది. అదే రోజు బంచరాయిలో రెండు తాళ్లు అడ్డదిడ్డం లేకుండా చాచి పట్టుకున్నాం. ఒక తాడు కొస సర్పంచ్ చేతిలో, ఒకటి ఇంజనీరు చేతిలో. మంద ఒరుసుకోకుండా నడిచేదాకా తాళ్లను వెనక్కి జరుపుతూ పోయాం. మూడోసారికి కుదిరింది. నేను టేపుతో కొలిచి చెప్పాను, కొత్త కార్యదర్శి తీర్మానంలో రాశాడు. సీతాఫలాల కాలంలో ఆడవాళ్లు లోపలికి వెళ్లే సంగతి కూడా రాశాం. దానికి కంపెనీ నుంచి ఇప్పటికీ జవాబు రాలేదు, అడుగుతూనే ఉన్నాం. భూమి సంగతి వచ్చే సభ ఇకమీదట మందలు ఊళ్లో ఉన్న నెలల్లోనే పెట్టాలని చివరి వాక్యం సర్పంచ్ చెప్పి రాయించింది.

బాటకు మాత్రం మూడో రోజు ఒప్పుకోలు వచ్చింది. గుంతలు జరిపి, స్తంభాలు నాటి, రెండు వైపులా తీగ లాగారు. ఆ పని అయిన మర్నాడు పొద్దున మందను మొదటిసారి ఆ దారిన తోలారు. కొత్త తీగ ఎండకు మెరుస్తుంటే గొర్లు మొదట్లోనే నిలబడిపోయాయి. ఎంత అదిలించినా కదలవు. పెద్దమనిషి భుజాన ఉన్న గొంగడి తీసి తీగ మీద ఆరేశాడు. తమ్ముళ్లు కూడా తమవి తెచ్చి వరసగా వేశారు. ముందు నడిచే మేక గొంగళ్లను వాసన చూసి అడుగు వేసింది. వెనక మందంతా కదిలింది. అవతల కుంటలో మూతులు పెట్టాక ఆయన గట్టు మీద కూర్చున్నాడు.

రేపు బయలుదేరుతున్నామన్నాడు. బేరగాడి మాట నేను అడగలేదు, ఆయనా ఎత్తలేదు. సర్పంచ్‌తో మాత్రం ఒక అనుమానం చెప్పాడు.

"మేం వచ్చే యాళ్లకు దీనికి తలుపు వెట్టరు గదా అక్కా?"

"వెడితే తాళంచెవి నీ మేక మెడకే కట్టిస్త. నువ్వైతే పోయిరా," అంది ఆమె.

మర్నాడు పొద్దున, మంచు విడవకముందే, మంద ఆ బాట మీదుగానే కుంట దాకా పోయి, నీళ్లు తాగి, ఏటి వైపు తిరిగింది.