బాపు బండి చప్పుడు

మొన్న నిజామాబాద్‌లో బస్టాండుకు పోయే దారిలో, మోత రావాలని మార్పించుకున్న మోటర్‌సైకిళ్ల నుంచి ఊడదీసిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డు మీద వరుసగా పరిచి వాటి మీద రోడ్డు రోలర్ నడిపిస్తుంటే, నలుగురితో పాటు నేనూ నిలబడి చూశాను. ఇనుము నలిగిన చోటల్లా నల్లటి మసి రాలింది. కాలిన ఆయిలు, పెట్రోలు కలిసిన ఆ వాసన తగలగానే పక్కనున్న చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చుండిపోయాను. చుట్టూ కుర్రాళ్లు సెల్‌ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తున్నారు. "మస్తు సప్పుడు అస్తుండె అన్న, ఖతం జేసిండ్రు" అని ఒకడు నవ్వుతూ నాతో అన్నాడు. నా కళ్ల ముందు ఉన్నది మా బాపు బండి.

మాది బోధన్ పక్కన కాలువ కింది ఊరు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుచుకునే ఇల్లు. చలి మొదలై చక్కెర ఫ్యాక్టరీ పొయ్యి రాజుకుందంటే, పులిసిన బెల్లంలాంటి మడ్డి వాసన గాలి మళ్లినప్పుడల్లా ఊళ్లోకి వచ్చి, ఆరేసిన బట్టలకు, వండిన అన్నానికి, చివరకు అవ్వ చేటలో పెట్టుకొని చుట్టే బీడీ ఆకులకు కూడా పట్టుకునేది. పొద్దున జొన్నరొట్టె మీద ఎల్లిపాయ కారం, సాయంత్రం ఉప్పు వేసి ఉడికించిన అనపకాయలు, కర్ర పట్టి చిర్రగోనె ఆడి ఆడి పగిలిన అరచేతులకు రాత్రి ఇంత కొబ్బరినూనె, వాకిట్లో ఎప్పుడు ఊడ్చినా మిగిలిపోయే చెరుకు పిప్పి. ఆ పిప్పి అంతా సాయిలు కాక బండిలోని చెరుకుదే.

సాయిలు కాక మా బాపుకు చిన్ననాటి దోస్తు. ఎడ్లబండి మీద ఇంటి ఎత్తున చెరుకు నింపి ఫ్యాక్టరీకి తోలేవాడు. పిల్లలం వెనక నుంచి గడలు గుంజుతామని తెలిసి ఒకటి రెండు కావాలనే వదులుగా కట్టేవాడు, మేము గుంజాక మాత్రం "ఎవడ్రా అది, కాళ్లిరగ్గొడ్త" అని అరిచేవాడు. ఆయన ఎడ్లు రెండూ కోడెలుగా ఉన్నప్పటి నుంచి ఒకే కాడి కింద పెరిగినవి. ఒకటి నీళ్లు తాగకపోతే రెండోది తొట్టి దగ్గరే తల వంచుకొని నిలబడేదని అవ్వ చెప్పేది. కాలువ గట్టు మీద చెరుకు బండ్లు బారులు తీరినప్పుడు ఎడ్లు ముందు బండి వెనక వాటంతటవే నడిచేవి. నిద్రలేని మనుషులు గొంగళ్లు కప్పుకొని చెరుకు మీదే పడుకునేవాళ్లు. అందుకని ఎడ్లు బెదరకుండా ఆ గట్టు మీద మా వైపు ఒక పద్ధతి ఉండేది. బండ్ల వరుస కనబడితే మోటర్‌సైకిల్ మీద వచ్చినవాడు ఇంజన్ ఆపి, దిగి, వరుసలో చివరి బండి కూడా బాగా వెనకబడేదాకా తోసుకుంటూ పోవాలి. సైకిల్ మీద పోయేవాడు గంట కొట్టకూడదు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు, అందరికీ తెలిసిందే.

బాపు నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు తూకం వేసే దడువాయి. ఇంటికి వచ్చేసరికి చెవుల వెనక కూడా పసుపు దుమ్ము ఉండేది. సన్నటి గొంతు, ఎవరినీ గట్టిగా పిలవలేని మనిషి. ఆయన కొన్న పాత మోటర్‌సైకిల్ కూడా ఆయనలాగే కుట్టుమిషన్ చప్పుడంత మెత్తగా నడిచేది. నాకు అదే సిగ్గు. నాతో చదివే ఒకడి మేనమామ బండి వీధి మలుపుకు అవతల ఉండగానే వినబడేది, వాడు దాన్ని తన గొప్పగా చెప్పుకునేవాడు. ఆ ఏడు దసరాకు, ఊళ్లో అందరూ బండ్లు కడిగి బంతిపూలు కట్టే పండుగకు, మా బండి కూడా మోగాలని మొండికేశాను. అవ్వ రొట్టె, బెల్లం కలిపి పెట్టిన మలీద ముద్దలు ముట్టుకోలేదు. బాపు రెండు రోజులు నవ్వుతూ దాటవేసి, చివరకు నన్ను వెనక కూర్చోబెట్టుకొని బోధన్‌లో మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడు.

అద్దాలు తీసేయించాం. హ్యాండిల్‌కు రంగు కుచ్చులు, సీటుకు ఎర్ర రెగ్జిన్ వేయించాం. అన్నిటి తరువాత సైలెన్సర్ లోపలి గొట్టం గుంజేయించాం. మెకానిక్ కిక్ కొట్టగానే ఎదురింటి కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. బాపు ఉలిక్కిపడి, వెంటనే నా ముఖం చూసి నవ్వాడు. ఇంటికి వచ్చాక అవ్వ, "మోటర్ సైకిల్ కొన్నవా, పిండి గిర్ని కొన్నవా?" అంది. చేతిలో జమ్మి ఆకు పెట్టి, కౌగిలించుకొని అలాయిబలాయి తీసుకోవడానికి వచ్చిన సాయిలు కాక అయితే బండి చుట్టూ తిరిగి, "గంగారాం, నీ నోట్లకెల్లి మాట రాకపాయె, దీనితోనన్న మొత్తుకుంటవారా" అన్నాడు. ఇద్దరూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకొని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. వాళ్లు అలా నవ్వడం నేను చూసిన చివరిసారి అదే.

ఆ చలికాలంలోనే ఒక మధ్యాహ్నం బోధన్ నుంచి తిరిగి వస్తున్నాం. గట్టు మీద చెరుకు బండ్లు ఎదురయ్యాయి. బాపు ఎప్పటిలాగే ఇంజన్ ఆపి దిగాడు, నేను సీటు మీదే కూర్చున్నాను, ఆయన తోసుకుంటూ ఒక్కొక్క బండినీ దాటించాడు. చివరకు కొంచెం ఎడంగా సాయిలు కాక బండి ఒంటరిగా వస్తున్నది. కాక పైన ముసుగు తన్ని పడుకున్నాడు. మేము దాన్ని దాటామో లేదో నాకు చిలిపి ఆలోచన వచ్చింది. బాపు చొక్కా పట్టుకొని అన్నాను:

"బాపు, గట్టిగ రేజ్ ఇయ్యి. సాయిలు కాక దునికి లేవాలె."

బాపు వెనక్కి తిరిగి పడుకున్న దోస్తును చూశాడు, తరువాత నన్ను చూశాడు. బడి ఎగ్గొట్టే పిల్లవాడి ముఖం పెట్టి, కిక్ కొట్టి, హ్యాండిల్ మెలితిప్పి రేజ్ ఇచ్చాడు.

ఆ తరువాత జరిగింది ఇప్పటికీ నాకు వరుసగా గుర్తుకు రాదు. ఎడ్లు రెండూ ఒకేసారి పక్కకు దూకాయి. బండి చక్రం గట్టు అంచు దిగింది. చెరుకు మొత్తం, తాడుతో సహా, గోడ కూలినట్టు కాలువలోకి ఒరిగింది. కాక అటు పక్క పొలంలో పడ్డాడు. బాపు మోటర్‌సైకిల్‌ను అక్కడే వదిలేసి ఉరికాడు, అది పక్కకు పడి, నేను దాని పక్కన పడి, దాని చప్పుడు మాత్రం ఆగలేదు. కాడి కింద మెడలు ఇరుక్కొని ఎడ్లు నీళ్లలో తన్నుకుంటుంటే, ముందు పోయిన బండ్ల వాళ్లు ఉరికొచ్చి కొడవళ్లతో తాళ్లు కోస్తుంటే, అందరి కేకల మీద అదే మోత. తాళంచెవి నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. దాన్ని తిప్పడానికి నా చేయి లేవలేదు. భుజం వేలాడేసుకొని పొలంలో నుంచి పైకి వచ్చిన సాయిలు కాక నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "అరే, గా బండి ఆపుండ్రి." ఎవరో ఆపారు. అప్పటికి ఒక ఎద్దు తన్నుకోవడం మానేసింది. రెండోదాన్ని పైకి లాగితే అది గట్టు మీద వణుకుతూ నిలబడి, నీళ్ల వైపే చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం పెద్దమనుషులు వచ్చి అడిగితే బాపు, "తప్పు నాదే. నేనే రేజ్ ఇచ్చిన" అన్నాడు. తలుపు పక్కన నిలబడ్డ నా వైపు కన్నెత్తి చూడలేదు. నేను చెబుదామనుకున్నాను. బాపు చెబుతాడేమోనని చూశాను, ఆయన చెప్పకపోతే ఊపిరి పీల్చుకున్నాను. అంతే. మరునాటి నుంచి రేజ్ ఇవ్వమని నేను అనడం ఎప్పుడూ జరగని మాట అయిపోయింది.

బాపు మోటర్‌సైకిల్ అమ్మి ఎద్దును కొనిచ్చాడు. మిగిలిన పాత ఎద్దు దాని పక్కన కాడికి మెడ ఇవ్వలేదు, ఎంత తోలినా నిలబడిపోయేది. చివరకు కాక రెండింటినీ అమ్మేసి లారీలకు చెరుకు ఎత్తే కూలికి పోయాడు. మళ్లీ దసరాకు ఆయన జమ్మి ఆకు పట్టుకొని మా వాడకట్టుకు వచ్చి, మా ఇంటిని వదిలి పక్కింటికి పోయాడు. బాపు తన చేతిలోని ఆకును నలుపుతూ చాలాసేపు గడపలోనే నిలబడ్డాడు. ప్రతి దసరాకూ అంతే. బాపు పోయిన రోజు ఊరంతా వచ్చింది, సాయిలు కాక రాలేదు.

సైలెన్సర్లు నలగడం చూసిన ఆ రోజే నేను ఊరికి పోయాను. గట్టు ఇప్పుడు డాంబర్ రోడ్డు. చెరుకు ఉన్న చోటల్లా వరి. ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి వీచినా మడ్డి వాసన లేదు, ఊరంతటికీ ఒక్క ఎడ్ల జత కనబడలేదు. సాయిలు కాక మనుమరాలు మంచం వాల్చి కూర్చోబెట్టింది. కాక నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది. పేరు చెప్పగానే ముఖం బిగుసుకుంది. నేను ఆగితే మళ్లీ చెప్పలేనని, ఆ రోజు రేజ్ ఇవ్వమన్నది నేనేనని ఒక్క ఊపున చెప్పేశాను.

ఆయన తిడతాడనుకున్నాను. లేదా పోనీలే బిడ్డా అంటాడనుకున్నాను. రెండూ అనలేదు.

"ఎద్దు కోసం మాటలు బంద్ జేసిననుకున్నవా?" అన్నాడు. "ఎద్దు పోతే పోయె. మీ బాపు ఎడ్ల నడుమ పెరిగినోడు, నేను పండుకున్నది సూసి గూడ సప్పుడు జేసిండంటే, మోటర్ సైకిల్ కొన్నంక వాని కండ్లకు నేను ఆనలేదనుకున్న. గదే కడుపుల పెట్టుకున్న. పోరడు అడిగిండని వాడు ఒక్క మాటంటే అయిపోతుండె గదరా! పోరడు అడిగితే ఏ బాపు కాదంటడు? నేనైన రేజ్ ఇస్తుంటి." నా మీదికి చెయ్యి ఎత్తాడు. కొట్టకుండానే దించి మంచం పట్టె పట్టుకున్నాడు. "వాని సావుకు గూడ రాలే గదరా నేను."

ఊళ్లో నుంచి చెరుకు పోయింది, ఎడ్లు పోయాయి, వాటిని నేనేమీ పోగొట్టలేదు. ఈ ఇద్దరి నడుమ మాటను మాత్రం నేనే పోగొట్టాను, అది పోయిందన్న సంగతి కూడా ఇన్నేళ్లూ ఎరగను.

"ఫోటో ఉన్నదా?" అన్నాడు కాక.

సెల్‌ఫోన్‌లో బాపు ఫోటో తీసి ఇచ్చాను. దూరంగా పట్టుకొని, దగ్గరికి తెచ్చుకొని చూశాడు. తెర ఆరిపోతే ఎలా వెలిగించాలో తెలియక, నా ముఖం చూడకుండానే ఫోన్‌ను నా వైపు చాచాడు. వెలిగించి ఇచ్చాను. మళ్లీ ఆరిపోయింది. మళ్లీ వెలిగించి ఇచ్చాను.