బీకాం రూటుకు డ్యూటీ చార్ట్

పాసయ్యాను! బిజినెస్ స్టాటిస్టిక్స్ కూడా పాసయ్యాను, బీకాం అయిపోయింది! ఇప్పుడే ఫోన్‌లో ఫలితం చూశాను. నమ్మకం కుదరక హాల్ టికెట్ నంబరు మళ్లీ కొట్టాను. మళ్లీ పాసే. మా నాన్న తాండూరు గనుల్లో నాపరాయి బండలు తీశాడు. మా ముందు తరాల్లో ఎవరూ కాలేజీ గడప తొక్కలేదు. నేను తొక్కడమే కాదు, అవతలికి కూడా వచ్చేశాను, అదీ రిటైరయ్యాక!

ఇదంతా మొదలైంది డిపోలో. రిటైర్మెంట్‌కు ఇంకా మూడున్నరేళ్లున్నాయనగా నన్ను వికారాబాద్ నుంచి తాండూరు బస్సు డిపోకు కంట్రోలర్‌గా వేశారు. కండక్టరుగా చేరి ఆ కుర్చీ దాకా వచ్చినవాణ్ణి. ఏ బస్సు ఏ రూటుకు వెళ్లాలి, దాని మీద ఏ డ్రైవరు, ఏ కండక్టరు ఉండాలి అని డ్యూటీ చార్ట్ వేయడం నా పని. పైన డిపో మేనేజర్, మా డీఎం మేడం. గ్యారేజీలో ఫోర్‌మన్ ఖాజా భాయ్.

చార్ట్‌లో మూడు విషయాలు చూసుకోవాలి. రన్నింగ్ టైమ్ అంటే దారిలో పట్టే సమయం. లేఓవర్ అంటే చివరి స్టాపులో తిరుగు ప్రయాణానికి ముందు ఆగే సమయం. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, స్పేర్. బస్సు చెడిపోయినా, డ్రైవరు రాకపోయినా వెంటనే పంపడానికి డిపోలో సిద్ధంగా ఉంచుకునే బండీ, మనుషులూ అన్నమాట. స్పేర్ కాలమ్ ఖాళీగా ఉన్న చార్ట్ మీద నేను ఏనాడూ సంతకం పెట్టలేదు.

ఆ ఏడాదే దూరవిద్యలో బీకాం చేరాలనుకున్నాను. ఎప్పుడో చదివిన ఇంటర్ సర్టిఫికెట్ ఉంది. స్టడీ సెంటర్ వికారాబాద్ కాలేజీలో, క్లాసులు ఆదివారాలు. ఆరు సెమిస్టర్లు, మూడేళ్లు. లెక్క ప్రకారం నడిస్తే నా వీడ్కోలు సభకు ఆరు నెలల ముందే డిగ్రీ చేతికి రావాలి. నా కోరికంతా అదే. సర్వీసులో ఉండగానే నా పేరు పక్కన ఆ రెండక్షరాలు చూసుకోవాలి.

డ్యూటీ చార్ట్ కాగితం వెనక మొత్తం రూటు గీశాను. మొదటి ఏడాది చదును రోడ్డు: అకౌంటింగ్ మొదటి పాఠాలు, వ్యాపార సంస్థలు, భాషలు. రెండో ఏడాది ఘాట్ రోడ్డు: ఆదాయపు పన్ను, బిజినెస్ స్టాటిస్టిక్స్. అక్కడ స్పీడు తగ్గించాను, లేఓవర్ పెంచాను. మూడో ఏడాది కాస్ట్ అకౌంటింగ్, ఆడిటింగ్, చివర ప్రాజెక్టు, డిపోకు చేరిక. అంతా బాగుంది. కానీ కుడిచేతి వైపు స్పేర్ కాలమ్ ఖాళీగా కనిపించింది. చేయి ఊరుకోలేదు. అందులో అనసూయ అని రాశాను.

అనసూయ నా భార్య. యాలాల్ మండలం పిల్ల. తనదీ ఇంటరే. చాయ్ ఇవ్వడానికి వచ్చి చూసింది.

"ఏందయ్యా, నా పేరు గిక్కడెందుకు రాసినవ్?"

"స్పేర్."

"నేనేమన్న బస్సునా?"

"బస్సు గాదే, క్రూ. నాకు డ్యూటీ పడ్డ ఆదివారం నువ్వు పోయి క్లాసు వినొస్తవు."

"వింటే నాకేమొస్తది? నన్ను గూడ చేర్పియ్యి. స్పేర్ బండికి గూడ పర్మిట్ ఉండాలె గద?"

 పర్మిట్ లేని బండిని నేనెలా పంపుతాను? ఇద్దరం చేరాం. తన షరతు ఒక్కటే. స్పేర్ రూటెక్కిన రోజు ఇంట్లో వంట నాది.

ఇక ఆదివారాలంటే పెళ్లిళ్లు, జాతరలు, సంతలు. ఏ ఆదివారం చూసినా స్పెషల్ బస్సులే, నేను డిపోలోనే. అనసూయ ధారూరు మీదుగా వికారాబాద్ వెళ్లి క్లాసులు విని వచ్చేది. హాజరు పిలిచినప్పుడు నా పేరు రాగానే, "ఆయన బ్రేక్‌డౌన్ మేడం, నేను స్పేర్" అందట. అప్పటి నుంచి క్లాసంతా తనను స్పేరక్క అనేవారు. ఖాజా భాయ్ రోజూ నా కిటికీ దగ్గర ఆగి విచారించేవాడు.

"సాబ్, స్పేర్ బండి వారం వారం రూట్ మీద ఉరుకుతున్నది, అసలు బండి షెడ్‌ల నిలబడ్డది. జర చెప్పున్రి, గిప్పుడు గా రూట్ ఎవలిది?"

నేను నవ్వేసేవాణ్ణి. పరీక్షలకు మాత్రం ఎలాగో సెలవు దొరికేది. మూడు సెమిస్టర్లు ఇద్దరం పాసయ్యాం. నాలుగో సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ పరీక్ష సరిగ్గా అనంతగిరి జాతర స్పెషళ్ల రోజున పడింది. ముందురోజు సెలవు కోసం డీఎం మేడం ముందు నిలబడ్డాను.

"మీ సీటుకు స్పేర్ ఎవరు?" అని అడిగారు మేడం.

"ఎవరూ లేరు మేడం."

"చార్ట్ వేసిందెవరు?"

"నేనే మేడం."

సెలవు రాలేదు. డిపోలో స్వీపరు దాకా అందరికీ స్పేర్ రాశాను. కంట్రోలర్‌కు రాయలేదు. తెల్లవారి డ్యూటీకి పోతూ, అలవాటు కొద్దీ, రెండు హాల్ టికెట్లూ అనసూయ చేతిలో పెట్టి "ట్రిప్ మిస్ కాకుండ చూడు" అన్నాను. తను నా హాల్ టికెట్ ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది.

"గీ ఫోటోకు మీసాలున్నయి. నేనేడికెల్లి తేవాలె?"

అప్పుడు గాని నాకు తలకెక్కలేదు. తను రాస్తే తన పరీక్షే. నాది రాయడానికి లోకంలో నేను తప్ప ఎవరూ లేరు. రెండేళ్లు ఈ చార్ట్‌ను డిపోలో నా గది గోడకు పెట్టుకుని చూస్తూ కూడా ఆ ముక్క కనిపించలేదు. ఆ రోజు జాతరకు బస్సులన్నీ వేళకు వెళ్లాయి. స్పేర్ కూడా వేళకు వెళ్లి పరీక్ష రాసి వచ్చింది.

ఆ పేపరు మళ్లీ రాయాలంటే ఏడాది ఆగాలి. ఏడాది ఆగాను. మళ్లీ పరీక్ష రోజే జాతర. ఈసారి నా సీటుకు స్పేర్‌గా ఇంకో కంట్రోలర్‌ను రాసుకున్నాను. ఆయన పరీక్ష ముందురోజు జ్వరంతో పడుకున్నాడు. స్పేర్‌కు స్పేర్ పెట్టే పద్ధతి మా డిపోలో లేదు. మిగతా పేపర్లన్నీ వేళకు దాటాను, ఇదొక్కటి ఉండిపోయింది. అనసూయ మాత్రం ఆరు సెమిస్టర్లూ చార్ట్‌లో గీసినట్టే పూర్తిచేసింది. నిమిషం ఆలస్యం లేదు.

వీడ్కోలు సభకు డిపో వాళ్లు పెద్ద ఫ్లెక్సీ కొట్టించారు. నా చార్ట్ గోడ మీద చూసీ చూసీ, ఎవరినీ అడగకుండా నా పేరు పక్కన బి.కాం. అని వేయించేశారు. నేను లబలబలాడాను. ఖాజా భాయ్ ఫికర్ చేయొద్దన్నాడు. తెల్లకాగితం ముక్క మీద "ఒక్క పేపర్ తక్కువ" అని రాసి ఆ అక్షరాల కింద అంటించాడు. సభలో నాకు పూలదండ వేశారు. మేడం శాలువా తెచ్చి, డిగ్రీ ఎవరిదైతే వారికేనంటూ అనసూయకు కప్పారు. చప్పట్లు తనకే ఎక్కువ మోగాయి. తను మైకు అందుకుని, "అసలు బండి గూడ వస్తున్నది, ఎన్కల" అని కూర్చుంది. నవ్వి నవ్వి ఖాజా భాయ్ కుర్చీలోంచి జారాడు.

రిటైరయ్యాక జాతరల సాకు పోయింది. కొత్త చార్ట్ అనసూయ వేసింది. రోజూ పొద్దున ఒక పాఠం, సాయంత్రం లెక్కలు. స్పేర్ కాలమ్‌లో అడ్డంగా గీత కొట్టింది. వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతూ పాఠం అప్పజెప్పించుకునేది.

"సగటు అంటే ఏందో చెప్పు."

"ఇగో, యాలాల్ బస్సుల రోజుకు ఎంతమంది ఎక్కుతరో చూసి..."

"గా బస్సును జర బయట నిలబెట్టి, నువ్వు లోపలికి రా!"

పరీక్ష రోజు తనే బస్టాండుకు వచ్చి నన్ను సీట్లో కూర్చోబెట్టింది. కండక్టరు మా డిపో అమ్మాయే. "బిడ్డా, ఈయనను వికారాబాద్‌లనే దింపు. నడుమల ఏ కంట్రోలర్ కనవడ్డా ముచ్చటకు దిగనియ్యకు" అని అప్పజెప్పింది. ఆ అమ్మాయి ధారూరులో నేను చాయ్ తాగుతానన్నా దిగనివ్వలేదు. పరీక్ష రాశాను. ఫలితం ఇందాకే వచ్చింది.

ఈ పని మీద నాకు తెలిసింది ఇంతే. చార్ట్ వేసేవాడు ముందు తన సీటుకు మనిషిని చూసుకోవాలి, ఆ మనిషికి ఇంకో మనిషిని చూసుకోవాలి. డిగ్రీకి పథకం వేసేటప్పుడు కష్టమైన పేపరు ఏ నెలలో పడుతుందో మొదటి ఏడాదే చూసుకుని, ఆ నెలలో తన ఉద్యోగం ఎలా ఉంటుందో పక్కన రాసుకోవాలి. స్పేర్ పద్ధతి బస్సులకు పనికొస్తుంది. చదువుకు పెడితే స్పేర్ పాసవుతుంది.

ఇక ఫోన్లు చేయాలి. అనసూయకు చేశాను, ఫోన్ ఆపేసి ఉంది. ఎంకాం క్లాసులో ఉంది, సాయంత్రం దాకా తీయదు. ఖాజా భాయ్‌కి. బదిలీ మీద వెళ్లిన డీఎం మేడంకు. స్టడీ సెంటర్‌లో స్టాటిస్టిక్స్ చెప్పిన మేడంకు, ముందు నేనెవరో గుర్తుచేసి, స్పేరక్క భర్తనని. ధారూరులో దిగనివ్వని ఆ కండక్టరు అమ్మాయికి. బొంరాస్‌పేటలో మా బామ్మర్దికి, నేను ఈసారీ తప్పుతానని వాడు పందెం కాశాడు. చివరికి పూడూరులో మా మేనత్తకు. ఫోన్ ఎత్తగానే "ఎవలు సచ్చిండ్రురా?" అంటుంది. ఎవరూ చావలేదని ముందు చెప్పాలి, తర్వాత బీకాం అంటే ఏమిటో చెప్పాలి, ఆ తర్వాత పాసయ్యానని చెప్పాలి.